కదలని నూట ఇరవైనాలుగు

మీ ఇంట్లో ఒక యంత్రం చూపిస్తున్న అంకె నిజమని మీరెందుకు నమ్ముతున్నారు? పరీక్షించి చూశారా, లేక ఇచ్చినవాడు తెలివైనవాడని ఊరుకున్నారా? తొందరపడి జవాబు చెప్పకండి. సభల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, భోజనాల బల్లల దగ్గర "ఎవరు చెప్పారని కాదు, ఆధారమేమిటని అడగండి" అంటూ ఇరవయ్యేళ్లుగా జనంతో పోట్లాడుతున్న నేనే ఈ ప్రశ్న దగ్గర తలదించుకోవలసి వచ్చింది.

నిరుడు మే నెల. న్యూజెర్సీలో సింగిల్ బోర్డ్ కంప్యూటర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. అరచేతిలో పట్టే ఒక్క పలక మీద కంప్యూటర్ మొత్తం ఉంటుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది సరదాకి కొంటారు. ఒకరు చేపల తొట్టికి నీళ్ల వేడి చూసుకుంటారు, ఇంకొకరు గరాజ్ తలుపు తెరిపిస్తారు. వాటి మీద ఏ లినక్స్ డిస్ట్రిబ్యూషన్ పెట్టాలో ఎంచడం, పెట్టాక దాని బాగోగులు చూడడం నా పని. లినక్స్ అనేది యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం. దాని చుట్టూ మిగతా ప్రోగ్రాములన్నీ అమర్చి, లోపాలు బయటపడినప్పుడల్లా మరమ్మతులు పంపే మొత్తం కట్టను డిస్ట్రిబ్యూషన్ అంటారు. దాన్ని మెమరీ కార్డు మీదికి ఎక్కించడానికి సిద్ధం చేసిన నకలును ఇమేజ్ అంటారు. ఇంతకు మించి మీకు తెలియనక్కర్లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం ప్లెయిన్స్‌బరో నుంచి సునీత ఫోన్ చేసింది. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసే మనిషి. ఇలాంటి బోర్డులతో ప్రయోగాలు చేసే మా ఔత్సాహికుల గ్రూపులో ఉంటుంది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే ఆమె పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"ప్రసాద్ గారూ, మీరొకసారి రాగలరా? బోర్డ్ 124 అంటోంది. అక్షర వేలు గుచ్చి చూస్తే 52 ఉంది."

అక్షర ఆమె కూతురు. పదకొండేళ్లు. టైప్ వన్ డయాబెటిస్. చేతికి అంటించిన సెన్సర్ అయిదు నిమిషాలకొకసారి షుగర్ చూసి, ఆ పిల్ల ఫోన్ ద్వారా ఇంటర్నెట్‌లోని సర్వర్‌కి పంపుతుంది. సునీత ఒక బోర్డు కొని, దానికి చిన్న తెర తగిలించి, సర్వర్ నుంచి ఆ అంకెను తెచ్చి వంటగదిలో పెద్ద అక్షరాలతో చూపించేలా సొంతంగా ప్రోగ్రాం రాసుకుంది. డెబ్బైకి తగ్గితే బోర్డు కూత పెడుతుంది. రెండేళ్లుగా ఆ ఇల్లు ఆ తెరను చూసే వండుకుంది, తిన్నది, పడుకుంది.

నేను వెళ్లేసరికి పిల్ల సోఫాలో కూర్చుని రెండో జ్యూస్ డబ్బా పీలుస్తోంది. షుగర్ 90కి వచ్చిందట. ప్రాణం కుదుటపడి జరిగిందేమిటో అడిగాను.

పొద్దున డాన్స్ క్లాస్. క్లాసులో మోగకూడదని అక్షర తన ఫోన్‌లోని షుగర్ అలారం ఆపేసింది. ఇంటికొచ్చాక మళ్లీ పెట్టడం మరిచిపోయింది. రెండు ముద్దలు తిని సోఫాలో వాలిపోయింది. సునీత దగ్గరికెళ్లి చూస్తే ఏసీలో కూడా నుదుటి మీద జుట్టు చెమటకి తడిసి ఉంది.

"నేనే పడుకోనీ అన్నానండీ," అన్నాడు ఆమె భర్త రవి, నేల చూస్తూ. "124 ఉంది కదా, డాన్స్ చేసి అలిసిపోయింది, లేపకు అన్నాను. పొద్దున్నుంచీ అదే ఉంది. ఎనిమిదిన్నరకి 124, పదకొండుకి 124, ఒంటిగంటకి 124. నా ఉప్మా మహిమ చూడు, షుగర్ ఎంత స్టెడీగా ఉందో అని జోక్ కూడా వేశాను."

అన్నం తిన్నా, గెంతినా, ఇన్సులిన్ వేసుకున్నా నాలుగున్నర గంటలపాటు ఒక్క అంకె కూడా మారని రక్తం ఏ మనిషిలో ఉంటుంది? చెడ్డ అంకె కదలకుండా ఉంటే వంద అనుమానాలు పడేవాళ్లం. మంచి అంకె కాబట్టి ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్లు సంతోషించి ఊరుకున్నారు. అయితే ఆ రోజు నన్ను కుదిపేసింది అది కాదు. అది ఇంకో పావుగంటకి జరిగింది.

కీబోర్డు తగిలించి బోర్డు లోపలికి వెళ్లాను. కారణం త్వరగానే దొరికింది. ఇంటర్నెట్‌లో అవతలి సర్వర్ అసలైనదేనా అని తేల్చుకోవడానికి ప్రతి డిస్ట్రిబ్యూషన్ తన దగ్గర రూట్ సర్టిఫికెట్లు ఉంచుకుంటుంది. అంటే ఎవరి సంతకాన్ని నమ్మవచ్చో చెప్పే జాబితా. ఆ పొద్దున సర్వర్ వాళ్లు కొత్త సంతకానికి మారారు. ఈ బోర్డులోని జాబితా ఏళ్లనాటిది. కొత్త సంతకం దాన్లో లేదు. తెలియని సర్వర్‌తో మాట్లాడనని బోర్డు మొండికేసింది. సునీత ప్రోగ్రాంలో, సమాధానం రాకపోతే ఏం చేయాలో రాయలేదు. అందుకని పాత అంకె తెర మీద అలాగే వెలుగుతూ నిలిచిపోయింది.

నాకు కోపం వచ్చింది. "అసలు ఇదేం డిస్ట్రిబ్యూషన్? అప్‌డేట్స్ వచ్చి ఏళ్లయింది. దీన్ని నడిపేవాళ్లే మూసేసుకుని పోయారు. ఎవరిచ్చారమ్మా మీకీ ఇమేజ్?"

"గ్రూపులో ఒకరి దగ్గర తీసుకున్నానండీ."

"వాళ్లకెవరిచ్చారు? పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టు తెచ్చుకోవడమేనా? ఫార్మాలో ఉండి మీరు కూడా ఇలా చేస్తే ఎలా? ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతకాలం పనికొస్తుంది, ఒక్కటైనా అడిగారా?"

రవి ఏదో అనబోతే సునీత కంటితో వారించింది. ఆ వారింపు ఎందుకో నాకర్థం కాలేదు. ఇమేజ్ తయారుచేసినవాడి వివరాలుండే ఫైల్ తెరిచాను.

అందులో నా పేరుంది.

కాసేపు చదివిందే మళ్లీ చదివాను. నాలుగేళ్ల కిందట ఎడిసన్‌లో ఒక హాలులో వారాంతపు వర్క్‌షాప్ పెట్టి, వచ్చినవాళ్లకి ఉచితంగా పంచిన ఇమేజ్ అది. చేతులు మారుతూ ఎవరో పేరు మార్చారు, ఇంకెవరో తెర మీది బొమ్మ మార్చారు. లోపల మాత్రం నేనే ఉన్నాను.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలుసండీ. ఇమేజ్ ఇచ్చినావిడ చెప్పింది, ప్రసాద్ గారిది, కళ్లు మూసుకుని వాడుకో అని." సునీత గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. "ఆఫీస్‌లో కాలిబ్రేషన్ డేట్ ఒక్కరోజు దాటినా ఆ బ్యాలెన్స్‌ని ముట్టుకోను. సరిచూసి కొత్త స్టిక్కర్ వేసేదాకా దాని మీద గ్రాము కూడా తూయను. ఇంట్లో మాత్రం మీ పేరు విని ఇంకేమీ అడగలేదు."

ఆ వర్క్‌షాప్ పెట్టేనాటికి నా ముందు రెండు డిస్ట్రిబ్యూషన్లు ఉన్నాయి. ఒకటి పాతకాపు. అయిదేళ్లు మరమ్మతులు పంపుతామని ముందే రాసిచ్చేది. దాన్లో చిన్న తెర పనిచేయాలంటే రెండు మూడు రోజులు కుస్తీ పట్టాలి. రెండోదాన్ని ఇద్దరు వాలంటీర్లు తీరిక వేళల్లో నడిపేవారు. పెట్టగానే తెర వెలిగింది, తొమ్మిది సెకన్లలో. హాల్లో చప్పట్లు కొట్టారు. ఎంతకాలం నిలుస్తుందో చూసి ఎంచవలసినవాణ్ని, ఎంత త్వరగా మెప్పిస్తుందో చూసి ఎంచాను.

అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేశాను. ఏడాదిన్నర గడిచాక ఆ వాలంటీర్లు ఇక నడపలేమని ఉత్తరం పంపారు. చదివాను. మరునాడే దాన్ని వాడుతున్న మా కంపెనీ కస్టమర్లందరినీ వేరే డిస్ట్రిబ్యూషన్‌కి మార్చే పని మొదలుపెట్టాను. గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. డబ్బిచ్చినవాడికి జవాబు చెప్పాలి, ఊరికే తీసుకున్నవాడు తన తిప్పలు తాను పడాలి అని నాలో ఎక్కడో ఉందన్నమాట. మనుషులందరూ సమానమని వేదికలెక్కి వాదించేవాడిలో!

సోఫాలోంచి అక్షర అడిగింది. "అంకుల్, అది లై చేసిందా?"

"లేదమ్మా. దానికి తెలియలేదు. తెలియదని చెప్పడం దానికి మేం నేర్పలేదు."

"బట్ మీకు తెలుసు కదా, ఓల్డ్ అయింది అని. మీరెందుకు చెప్పలేదు?"

రవి "అక్షరా, పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది" అన్నాడు. నేను అతన్ని ఆపాను. "చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది," అన్నాను. పిల్ల తలూపి జ్యూస్ తాగడంలో పడిపోయింది.

అక్కడినుంచే గ్రూపులో రాశాను: ఈ ఇమేజ్ నాది, దీని కాలం తీరిపోయింది, ఎవరెవరి దగ్గరుందో వెంటనే చెప్పండి. జవాబులు వరసగా వచ్చాయి. పిస్కాటవేలో ఒకాయన దానితో ఇంటి ముందు తలుపు తాళం నడుపుతున్నాడు. ఇంకొకరు ఉయ్యాల మీది కెమెరా. నా మాట వినకుండా ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు.

"అన్నా, మంచిగ నడుస్తుంది కదా, ఎందుకు గెలుకుడు?" అని ఒక తమ్ముడు.

"నడుస్తోందని నీకెలా తెలుసు?"

"మీరు ఇచ్చిండ్రు కదన్నా!"

భక్తి అంటే ఇదే. దీపాలూ గంటలూ అక్కర్లేదు. ప్రశ్న ఆగిపోతే చాలు. హేతువాది అని పేరున్నవాడి చుట్టూ కూడా అది పెరుగుతుంది. అది పెరుగుతుంటే వాడికి హాయిగానే ఉంటుంది కూడా. నాకు హాయిగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాతి రెండు వారాలు సెలవు పెట్టి ఇళ్లు తిరిగాను. అందరికీ ఆ పాతకాపు డిస్ట్రిబ్యూషనే పెట్టాను. చిన్న తెరతో కుస్తీ ఇప్పుడు పట్టాను. సునీత తన ప్రోగ్రాంని తానే తిరగరాసింది. ఇప్పుడు అంకె పక్కన అది ఎన్ని నిమిషాల పాతదో కనిపిస్తుంది. పది నిమిషాలు దాటితే అంకె చెరిగిపోయి తెరంతా ఎర్రబడి కూత పెడుతుంది. ఇది వైద్య పరికరం కాదు, ఫోన్ అలారమే అసలుది అని తెర కింద రాసిపెట్టింది. ప్రతి బోర్డు మీదా సపోర్ట్ ఎప్పుడు ముగుస్తుందో స్టిక్కర్ వేయమన్నది కూడా ఆమే.

"ఫ్రీగా ఇచ్చేదానికి ఎక్స్‌పైరీ ఏందన్నా, పాల ప్యాకెట్టా?" అని ఆ తమ్ముడే నవ్వాడు.

"పాల ప్యాకెట్టే. విరిగితే వాసన కూడా రాని పాలు," అన్నాను. నవ్వుతూనే స్టిక్కర్ అంటించుకున్నాడు.

ఒక డిస్ట్రిబ్యూషన్‌ని ఎంచడమంటే దానికి మరమ్మతు చేసే మనుషుల్ని ఎంచడం. ఆ మనుషులు వెళ్లిపోయిన రోజున, ఆ సంగతి తీసుకున్న ప్రతి ఒక్కరికీ చెప్పడం ఇచ్చినవాడి పని. వెల లేకుండా ఇచ్చినంత మాత్రాన ఆ పని తప్పదు. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక పిల్ల నుదుటి చెమట కావలసి వచ్చింది. మీకు ఆ అవసరం రాకూడదు.

అందుకే ఈ పేజీ పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో ఒక మనిషి క్షేమాన్ని చూస్తున్న బోర్డు ఏదైనా ఉంటే దాని దగ్గరికి వెళ్లండి. ఇంటర్నెట్ తీసేయండి. పది నిమిషాలు దాని ముందు నిలబడండి. "నాకు తెలియడం లేదు" అని అది చెప్పలేకపోతే, ఎవరిచ్చిందైనా సరే, నేనిచ్చిందైనా సరే, ప్లగ్ పీకేయండి.