ఉట్నూరు దాకా పోయే హీటర్

చొప్పదండి దేవసహాయానికి ఉన్నది ఒక్కటే పిచ్చి. హీటర్ కొనాలంటే దాని ముందు కూర్చుని బస్సు స్టేజీల పేర్లు అరవాలి. ముప్పై నాలుగేళ్ల కండక్టరు గొంతు అది. మనిషి రిటైరైనా గొంతు కాలేదు.

పాత వ్యాన్‌లో మంచం వేసి, పొయ్యి బిగించి, భార్య దెబోరా చీరతో కిటికీలకు తెరలు కట్టి "ఇల్లుబండి" అని పేరు పెట్టాడు. ఇక కావలసింది హీటరే. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు ఉట్నూరు దాకా వెళ్లేటప్పుడు అది లేకపోతే ఇల్లుబండి కాస్తా ఐసుపెట్టె.

కరీంనగర్‌లో వాహెద్ కరెంటు సామాన్ల దుకాణానికి వచ్చి "హీటర్ ఇయ్యి" అనగానే, వాహెద్ నీళ్లు కాచే రాడ్ తీసి చేతిలో పెట్టాడు. ఈ ఊళ్లో హీటరంటే అదే మరి.

"గిది బకెట్ల పెడ్తరు. నాకు బండ్ల పెట్టేది గావాలె."

"బండికి గూడ తానం పోస్తవా, దేవన్నా?"

అప్పటినుంచి పరీక్షలు. దుకాణం ముందు వ్యాన్ నిలిపి, లోపలి ప్లగ్గుబోర్డు నుంచి వైరు లాగి, తలుపులు మూసి మొదలుపెట్టేవాడు. "ధర్మారం! వెల్గటూరు! రాయపట్నం!" ఒక్కో స్టేజీ దగ్గర పాత బస్సు ఆగినంతసేపు ఆగేవాడు. గొంతు ఎక్కడ పట్టేస్తే హీటర్ అక్కడ దిగిపోయినట్టే.

ఎర్రగా కాలే హీటర్ ధర్మారం దాటలేదు. ఫ్యాన్ హీటర్ లక్సెట్టిపేటలో దిగింది. గ్యాస్ హీటర్‌నైతే వాహెదే పరుగెత్తుకొచ్చి ఆపేశాడు.

"మూసిన బండ్ల గ్యాస్ మంటేందన్నా! ఉట్నూరు గాదు, సీదా పైకే పోతవ్!"

ఒకరోజు పోశవ్వ అనే ముసలామె ఆ అరుపులు విని, సంచితో సహా ఎక్కి మంచమ్మీద కూర్చుంది. దించడానికి ముగ్గురు పట్టారు. "జన్నారం దాకనన్న పోనియ్ బిడ్డా, ఎచ్చగున్నది" అందామె.

వాహెద్ ఓపిక అయిపోయింది. "నువ్వేమన్న పాటగానివా? నీ గొంతుతోని హీటర్‌కేం పని?"

దేవసహాయం గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గడం వాహెద్ ఎన్నడూ వినలేదు.

"పాటగత్తె మీ వదిన. ఉట్నూరు చర్చిల క్రిస్మస్ పాట ఎత్తుకునేది ఆమెనే. ఆయాసమొచ్చినంక ఆరేండ్లాయె, గా చలికి పోలే. డిసెంబరొస్తే ఉత్తరం దిక్కు కిటికీ కాడ కూసొని పెదవులు కదుపుతది, పాట బయటికి రాదు. అరిచి అరిచి నా గొంతు గూడ ఆమె ఊపిరి తీర్గనే అయింది. నాకు పట్టనిది ఆమెకు పట్టది. చర్చి కాడ బండి నిలిపితే కరెంటు ఇస్తమన్నరు. హీటరే తేలుతలే."

వారం తిరక్కుండా వాహెద్ నూనె నింపిన హీటర్ ఒకటి తెప్పించాడు. చూడటానికి పక్కటెముకలు తేలిన బర్రెలా ఉంది. చప్పుడు లేదు, వాసన లేదు. ఆ రోజు సద్ది తెచ్చిన దెబోరా కూడా వ్యాన్‌లోనే మంచమ్మీద కూర్చుంది.

"లక్సెట్టిపేట! దండేపల్లి! జన్నారం! ఇంధన్‌పల్లి!" గొంతు పట్టలేదు. వాహెద్ బయట తలుపుకు చెవి ఆనించాడు. "ఉట్నూరు! ఉట్నూరోళ్లు దిగాలె!"

లోపలి నుంచి దెబోరా, ఒక్క దగ్గు కూడా లేకుండా, "ఉట్నూరు ఒకటి కొట్టు" అంది.

"దిగేటప్పుడు టికెట్ అడుగుతవేందే?"

"ఆరేండ్ల సంది స్టేజీ కాడనే నిలబడ్డ. నీ బస్సు ఇప్పుడొచ్చె."

వాహెద్ కళ్లు తుడుచుకుని వ్యాన్‌ను రెండుసార్లు చరిచాడు. "రైట్ రైట్!"

దేవసహాయం మరి ఆగలేదు. బండి కదిలింది. తీయడం మరిచిన వైరుతో పాటు వాహెద్ దుకాణం ప్లగ్గుబోర్డు కూడా ఉట్నూరుకు బయల్దేరింది.