ఉరి వద్దని చెప్పడానికి సముద్రం దాకా

పదవి ఊడిన నియంతను ఉరి తీయాలా వద్దా అని వాదించడానికి నేను గూడూరు నుంచి సముద్రం ఒడ్డుకు బయలుదేరాను. నయాపైసల లెక్క ఇంకా జనం నోటికి పట్టని రోజులవి. సముద్రాల అవతల ఒక దేశంలో సైన్యం తిరగబడి, ఏళ్ల తరబడి ప్రజల్ని తొక్కిపెట్టిన పాలకుణ్ణి కుర్చీలోంచి దించి జైల్లో వేసింది. ఇక ఉరి తప్పదని పత్రికలు రాస్తున్నాయి. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో గ్రంథాలయ వార్షికోత్సవానికి దీని మీదే చర్చ పెట్టి, ఉరి వద్దనే పక్షాన మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ పల్లె పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లు ఇంకా అక్కడే బతకాలి.

నేను గూడూరులో ఆడపిల్లల బడిలో చరిత్ర చెబుతాను. సెలవు అడిగితే హెడ్మిస్ట్రెస్ గారు కళ్లద్దాలు తీసి, “ఉరికంబాల గొడవ మనకెందుకమ్మా?” అన్నారు. “చరిత్ర పాఠంలో సగం అదే కదండీ” అన్నాను. సెలవు ఇచ్చారు గాని, ముఖం చిట్లించుకునే ఇచ్చారు.

శనివారం పొద్దున పాసింజరు బండి ఎక్కాను. ఆడవాళ్ల పెట్టె కిక్కిరిసి ఉంటే పక్క పెట్టెలో కూర్చున్నాను. ఎదురుగా తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, ఒళ్లో నిమ్మకాయల సంచీ. ఖాదర్ సాహెబ్ గారు గూడూరు మార్కెట్లో నిమ్మకాయల వ్యాపారి. ఆయనా ఆ సభకే వస్తున్నారనీ, ఉరి వెయ్యాలనే పక్షం ఆయనదేననీ బండి కదిలాక తెలిసింది.

“అయితే మనం శత్రువులం” అన్నాను.

“సభ దాకా కాదులే టీచరమ్మా. నిమ్మకాయ తీసుకో, దుమ్ములో గొంతు ఆరిపోతాది” అని రెండు కాయలు చేతిలో పెట్టారు.

బండి మనుబోలులో ఆగింది. టీ తాగుతూ ఆయన తన వాదన మొత్తం నాకే చెప్పేశారు. “పాము తోక తొక్కి వదిలేస్తామా? బతికుంటే వాడి మనుషులు జైలు గోడ బద్దలు కొట్టి తెచ్చుకుంటారు. మళ్లీ కుర్చీ ఎక్కితే మొదట చచ్చేది ఎవురు? సాక్ష్యం చెప్పినోళ్లు గదా!”

నా దగ్గర జవాబు ఉంది. “ఉరి తొందర ఎవరికి సాహెబ్ గారూ? నిన్నటిదాకా అతని పక్కన సలాం కొట్టిన సైన్యాధికారులకే. అతను నోరు తెరిస్తే వాళ్ల పేర్లూ బయటికొస్తాయి. తాడు బిగించేది మెడకు కాదు, గొంతుకు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “ఇది సభలో చెప్పొద్దు, నేను ఓడిపోతా” అని నవ్వారు.

నెల్లూరులో దిగి, స్టేషను దగ్గర హోటల్లో ఇడ్లీ తిని మైపాడు బస్సు పట్టుకున్నాం. రోడ్డుకు రెండు వైపులా వరి కోతకొచ్చి ఉంది. బస్సులో సగం మంది ఖాళీ గంపలతో తిరిగి వెళ్తున్న చేపలమ్ముకునే ఆడవాళ్లు. మా వాదన విని ఒకామె, “ఎవురిని ఉరేస్తన్నారు?” అని అడిగింది. చెప్పాను. “ఆడిది ఏ ఊరు?” అంది. చాలా దూరం అన్నాను. “ఈడ దగ్గిర్లో ఎవుర్నీ ఎయ్యరా?” అంది. గంపలన్నీ నవ్వాయి. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మైపాడులో దిగి, ఇసుకలో మైలు పైన నడిచాం. పల్లె మొదట్లోనే గ్రంథాలయ కార్యదర్శి సుబ్బయ్య మాకోసం నిలబడి ఉన్నాడు. అక్కడి ఏకోపాధ్యాయ బడికి పంతులు ఆయనే. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ప్రెసిడెంటు గ్రంథాలయానికి తాళం ఏసినాడు మేడమ్. నియంత అంటే తననే అన్నామని” అన్నాడు.

భోజనాల దగ్గర సంగతంతా తెలిసింది. పంచాయతీ ప్రెసిడెంటుది అక్కడ ఎదురులేని రాజ్యం. పట్టిన చేప అతని మనిషికే అమ్మాలి. కాదన్నవాళ్లను మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వడు. కిందటేడు గాలివాన వస్తుందని తెలిసినా పడవలు దించమన్నాడు. ఒక పడవ తిరిగి రాలేదు. అందులో వెళ్లిన అన్నదమ్ములిద్దరూ పోయారు. మాకు చేపల పులుసు వడ్డిస్తున్న పోలమ్మ ఆ ఇద్దరిలో పెద్దవాడి భార్య. సుబ్బయ్య ఇంటి పక్కనే ఆమె గుడిసె.

“చర్చ మానుకుందాం మేడమ్. నాకు ట్రాన్స్‌ఫర్ పెట్టిస్తాడు” అన్నాడు సుబ్బయ్య.

నాకు ఒళ్లు మండింది. “తాళం గదికి వేశాడు, సముద్రానికి కాదు కదా? ఒడ్డున పెడదాం. ట్రాన్స్‌ఫర్ వస్తే మా గూడూరు రండి” అన్నాను. పరాయి ఊరిదాన్ని, మర్నాడు వెళ్లిపోయేదాన్ని. ఆ ధైర్యం నాకు చవక. అది నాకు తెలుసు. అయినా లేచాను. ఖాదర్ సాహెబ్ గారు నాకంటే ముందే చెప్పులు వేసుకున్నారు.

ఎండ తగ్గాక పడవల మధ్య ఇసుకలో సభ పెట్టాం. కుర్చీ లేదు, బల్ల లేదు. పడవ అంచు మీద ముసలివాళ్లు, కింద ఆరేసిన వలల పక్కన ఆడవాళ్లు. ముందు కొద్దిమందే వచ్చారు. ఖాదర్ సాహెబ్ గారు గొంతెత్తేసరికి పల్లె పల్లే కదిలొచ్చింది. ఆయన బండిలో చెప్పిన మాటలే నిప్పులు కురిపిస్తూ చెప్పారు. జనం ఈలలు వేశారు.

నా వంతు వచ్చింది. ఉరి తీస్తే అతను చేసినవన్నీ అతనితోపాటు పూడ్చిపెడతారన్నాను. బతకనిచ్చి కోర్టులో విచారణ పెట్టాలన్నాను. ఒక మెడ కోసం ప్రభుత్వం చేతికి తాడు ఇస్తే, రేపు అది ఎవరి మెడకు వేస్తుందో మన చేతిలో ఉండదన్నాను. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు.

పోలమ్మ లేచి నిలబడింది. “మా ఇంటాయనకి ఎవురమ్మా విచారణ పెట్టినారు? సముద్రం పెట్టిందా? ఏలినోడికేమో కోర్టు, వకీలు, నీలాంటి చదువుకున్నోళ్లు. మాకేందీ?”

 మీకు పెట్టాల్సిన విచారణ ఎవరూ పెట్టలేదని ఒప్పుకున్నాను. “అయినా వద్దనే అంటాను” అన్నాను.

అంతలో జనం పక్కకు జరిగారు. ప్రెసిడెంటు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. తెల్లని పంచె, చేతిలో గొడుగు. కుర్రవాళ్లు కొందరు లేచి అడ్డం నిలబడ్డారు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది. ఇంకొక్క క్షణమైతే ఏమయ్యేదో! నేను వాళ్ల మధ్యకు వెళ్లాను.

“ఇది సభ. ఆయనకీ ఒక వంతు ఇవ్వండి. మాట్లాడనివ్వండి” అన్నాను.

ప్రెసిడెంటు నన్ను కిందికీ పైకీ చూశాడు. తర్వాత గొడుగు ఇసుకలో గుచ్చి, గొంతు సవరించుకున్నాడు.

“ఈ టీచరమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. పదిమందిని ఏలేవాడి చేతిలో పొరపాట్లు జరగతాయి. అంత మాత్రాన ఉరేస్తారా? జరిగిందేదో జరిగింది. మనం మర్చిపోవాల, క్షమించాల.”

పల్లె మొత్తం పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా పక్షాన మాట్లాడడానికి ఆ ఒడ్డున ఒకే ఒక్కడు దొరికాడు, వాడూ ఇతనే!

“ఆగండి” అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మీరు నా పక్షం కాదు. నేను మర్చిపొమ్మనలేదు, క్షమించమనలేదు. అలాంటివాడు బతికి ఉండాలన్నాను. ఎందుకో తెలుసా? ఎదురుగా నిలబెట్టి అడగడానికి. ఇదుగో, మీరు బతికే ఉన్నారు. పోలమ్మా, అడుగు.”

పోలమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. ప్రెసిడెంటు ఎదురుగా నిలబడింది.

“ఆ పొద్దు పడవ దించమన్నది నువ్వా, కాదా?”

“గాలి నా చేతిలో ఉండాదా?”

“గాలి సంగతి కాదు నేనడిగింది. పడవ నీ చేతిలో ఉండాది. దించమన్నది నువ్వా, కాదా?”

అతను అటూ ఇటూ చూశాడు. ఎవరూ కల్పించుకోలేదు. వెంట వచ్చిన ఇద్దరూ కూడా అతను ఏం చెబుతాడా అని అతని వైపే చూస్తున్నారు. “ఆడోళ్లతో నాకేంది మాటలు” అని వెనక్కి తిరిగాడు. పోలమ్మ వెనకాలే నడుస్తూ మళ్లీ అదే అడిగింది. ఇంకో ఆడమనిషి గొంతు కలిపింది. తర్వాత ఎవరు అడుగుతున్నారో చెప్పలేనంతగా అడిగారు. అతను ఇసుకలో తడబడుతూ నడిచి వెళ్లాడు. ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు.

జనం తిరిగొచ్చాక సుబ్బయ్య ఓట్లు అడిగాడు. ఉరి వెయ్యాలన్నవాళ్లు చేతులెత్తమంటే వలల పక్కన చేతుల అడవి లేచింది. పోలమ్మ నన్ను చూస్తూనే చెయ్యెత్తింది. నా పక్షాన ముసలివాళ్లు కొందరు, వాళ్లతో సుబ్బయ్య. నేను ఓడిపోయాను.

ఆ రాత్రి సుబ్బయ్య ఇంట్లోనే పడుకున్నాం. పొద్దున్నే మైపాడుకు నడిచి, నెల్లూరు పోయే మొదటి బస్సు ఎక్కాం. ఖాదర్ సాహెబ్ గారు గెలుపు ఆనందం దాచుకోలేక కండక్టరుకు కూడా నిమ్మకాయ ఇచ్చారు. బస్సు కదలబోతుండగా పోలమ్మ, ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్లు ఎక్కారు. గంపలు లేవు. ఉన్నంతలో మంచి చీరలు కట్టుకున్నారు. నా పక్కన చోటిచ్చాను.

“యాడికి?” అని వాళ్ల యాసలోనే అడిగాను.

“కలెక్టరు కచేరీకి. ఆదివారమంట, మూసుంటాదంట. ఉండనీ. గేటు కాడ కూచుంటాం. రేప్పొద్దున తెరస్తారు గదా!”

బస్సు పంటచేల మధ్య పోతోంది. నేనే అడిగాను. “నిన్న చెయ్యెందుకు ఎత్తావు పోలమ్మా? ఉరేస్తే ఎవర్ని అడుగుతావు?”

“ముందు అడిగేది అడగతాం. ఆడు చెప్పాల. అది అయినాక ఉరి సంగతి” అంది, కిటికీలోంచి చూస్తూ.

“అప్పుడూ అడ్డం వస్తాను.”

ఆమె ఇటు తిరిగింది. మొదటిసారి నవ్వడం చూశాను. “రా టీచరమ్మా. అప్పుడూ చెయ్యెత్తుతా.”

నెల్లూరులో వాళ్లు కచేరీ వైపు వెళ్లారు. మేము స్టేషనుకు నడిచాం. గూడూరు బండిలో ఖాదర్ సాహెబ్ గారు నిద్రపోయారు. సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లు గాలి బాగుంటుందనీ, చేప రుచిగా ఉంటుందనీ రాస్తారు. రెండూ నిజమే. నేను మాత్రం ఆ ఒడ్డున నా మాట పోగొట్టుకోకుండా ఓడిపోయాను. నన్ను ఓడించినవాళ్లు ఇప్పుడు కచేరీ గేటు ముందు కూర్చుని ఉంటారు. వాళ్లు గెలవాలి.