మా గుమ్మంలో సున్నుండలు

కేంబ్రిడ్జ్‌లో ఇల్లు కొన్నాక మాకదే మొదటి హాలోవీన్. పండగ పూట వేషాలేసుకుని, మిఠాయిల కోసం గుమ్మంలోకొచ్చిన పిల్లలకు ఒక్క చాక్లెట్ ఇచ్చి పంపడానికి మనసొప్పలేదు. నేతి సున్నుండలు చుట్టి తలా రెండు పెట్టాను. మా పదేళ్ల అమ్మాయి కూడా ముసుగేసుకుని, క్లాసు పిల్లలతో వచ్చి, పరాయి ఇంటికొచ్చినట్టే సంచీ చాపింది. నవ్వుకుంటూ వేశాను.

నేనింకా తలుపు వేయలేదు. వాళ్ల వెంట వచ్చిన ఒక తల్లి, "నో హోమ్‌మేడ్! ఎవరింట్లోనో చేసినవి తినకూడదు, పారేయండి" అంది ఇంగ్లీషులో. డ్రైవ్‌వే చివరున్న మా చెత్తడబ్బాలోనే పారేశారు. అందరికన్నా ముందు మా అమ్మాయే.

ఇంటికొచ్చి నా మొహం చూసి, "డోంట్ వర్రీ అమ్మా, ఇది మన ఇల్లని ఎవరికీ చెప్పలేదు" అంది.

నన్ను ఓదార్చాననుకుంది! అప్పట్నుంచీ ప్రతి హాలోవీన్‌కూ కొన్న చాక్లెట్లే, తలా ఒకటి. మా అమ్మాయి చెయ్యి చాపినా ఒకటే.