చప్పుడు పడని లైబ్రేరియన్ గారు

లైబ్రేరియన్ గారికి చప్పుడు పడదు. కుర్చీ కిర్రుమంటే చాలు, ఆయన ముఖం కందగడ్డయ్యేది. కుర్చీల కాళ్లన్నిటికీ రబ్బరు తొడిగించారు. టిక్కుటిక్కుమన్న నేరానికి గోడ గడియారాన్ని స్టోరు గదికి పంపించారు. తుమ్మొచ్చినవాళ్లు వరండాలోకి పరుగెత్తాల్సిందే. పాఠకులు ఆయనకు ‘ఉష్ గారు’ అని పేరు పెట్టి, ఆ పేరునూ గుసగుసగానే పలికేవారు.

కౌంటరు మీది గంట కూడా మాయమైంది. ఏం కావాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి అడగాలి తప్ప, దూరం నుంచి కేకేయకూడదన్నది ఆయన శాసనం. ఇదివరకు లేని ఈ రోగమేమిటని అటెండరు అడిగితే, వయసు మీద పడుతోందయ్యా అని తప్పించుకున్నారు.

కౌంటరులో కూర్చునే, అందరూ ‘అక్క’ అని పిలిచే ఉద్యోగినికి మాత్రం ఆ చాదస్తం వరంలా తోచింది. రెండేళ్ల కిందట ఆమెకు వచ్చిన జ్వరం, పోతూ పోతూ వినికిడిని కూడా పట్టుకుపోయింది. ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి మాటలు పోల్చుకోవడం నేర్చుకుంది. చిక్కల్లా అలమరల మధ్య పుస్తకాలు సర్దేటప్పుడే. వెనక నుంచి పిలిస్తే పలకదని, ఎంత పొగరో అని ఒకరిద్దరు కమిటీకి ఫిర్యాదు కూడా చేశారు.

అంతలో లైబ్రేరియన్ గారికి ఇంకో పిచ్చి పట్టుకుంది. సిబ్బంది అందరి చేతులకూ వాచీల్లాంటి పట్టీలు కట్టించారు. పాఠకుడు బల్ల మీది మీట నొక్కితే, పట్టీ సన్నగా వణికి ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో చూపిస్తుంది. కిక్కురుమనదు. ఆయనైతే రెండు చేతులకూ, చాలదన్నట్టు ఒక కాలికీ కట్టుకుని, ఎవరు మీట నొక్కినా ఓ గెంతు గెంతేవారు.

ఈ పట్టీలు పీకించి మళ్లీ గంట పెట్టించాలని కమిటీ అధ్యక్షుడు పంతం పట్టి తనిఖీకి వచ్చారు. గంట వస్తే తన గుట్టు బయటపడుతుందని అక్క చేతి పట్టీని ఇంకాస్త బిగించుకుంది. అధ్యక్షుడు చిట్టచివరి బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కారు. అలమరల వెనక ఉన్న అక్క, ఆయన వేలు తీసేలోపే ఎదురుగా వచ్చి నిలబడింది. తేనెటీగల పెంపకం మీద ఏమైనా ఉందా అని అడిగితే రెండు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. పట్టీలు ఉండనివ్వండి అన్నారాయన. సొంత కూతురు ఫస్టు క్లాసులో పాసైనట్టు లైబ్రేరియన్ గారు పొంగిపోయారు.

సరిగ్గా అప్పుడే, ఆయన ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని ఆయన భార్య వచ్చింది.

“చప్పుడు పడని మనిషితో ఎలా వేగుతున్నారమ్మా?” అని అధ్యక్షుడు పరామర్శించారు.

“ఈయనకా? రేడియో మోగకపోతే ఈయనకు ముద్ద దిగదండీ. ఈయన నవ్వితే పక్కింటివాళ్లు తలుపులేసుకుంటారు.”

లైబ్రేరియన్ గారు గాభరాగా ‘ఉష్’ అన్నారు. కానీ అక్క ఆవిడ పెదాలను పొల్లుపోకుండా చదివేసింది. గంట మాయమైంది తాను జ్వరం సెలవు నుంచి తిరిగొచ్చిన వారంలోనే. ఎదురుగా నిలబడి అడగాలన్న శాసనమూ అప్పటిదే. ఆమెకు కళ్లు చెమర్చాయి, అంతకంటే ఎక్కువగా గర్వం కలిగింది. ఇంత పెద్ద హాలు తన కోసమే నోరు మూసుకుందన్నమాట.

అధ్యక్షుడు వెళ్లాక ఆమె ఒక మూల బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కింది. లైబ్రేరియన్ గారు గెంతి, గబగబా వచ్చి, ఏం కావాలమ్మా అన్నారు.

“ఏమీ వద్దు సార్. ఇకనైనా గట్టిగా నవ్వుకోండి. నాకెలాగూ వినపడదుగా.”

ఆయన ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత, రెండేళ్లుగా బిగపట్టుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. హాల్లోని పాఠకులంతా తలలెత్తి, ఒక్క గొంతుతో ‘ఉష్’ అన్నారు. అదీ అక్కకు వినపడలేదు గానీ, అన్ని మూతులూ ఒకేలా ముందుకు రావడం చూసి ఆమె కూడా పకపకా నవ్వేసింది.