జరీ కింది పొర

మా ముత్తాత పెనుకొండలో పంచాయితీ పెద్ద. మా తాత పట్టు, జరీ ఇస్తేనే ధర్మవరంలో నలభై ఇళ్ల మగ్గాలు ఆడేవి. ఆ తాత ఒక నేతగాణ్ణి దొంగ అని వెళ్లగొట్టాడు. అవ్వ కోసం నేసిన చీరలో జరీ ఏడాదికే నల్లబడింది. తానిచ్చిన మంచి జరీని అతను మార్చేశాడని తాత తేల్చేశాడు. నేనూ అదే నమ్మి పెరిగాను.

ఆ చీరా, అప్పుడు కొన్న జరీ కండె ఒకటి, సీలు విప్పనిది, మా పెట్టెలో మిగిలాయి. బెంగళూరు ల్యాబులో పనిచేసే మా అమ్మాయి చీరలోని జరీనీ కండెలోని జరీనీ పోల్చి చూస్తానంది. కోయడానికి, కరిగించడానికి నేను ఒప్పుకోలేదు.

"కోసే పని లేదులే నాయనా," అంది.

అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపులో కంటికి ఆనని సూదిమొన పోగును తాకుతుంది. అడుగు నుంచి పంపిన ధ్వని కంపనాలు ఆ మొనకు అందే తీరును బట్టి పైపూత కింద ఏముందో బొమ్మ కడుతుంది.

రెండు బొమ్మలూ ఒకటే. బంగారు పూత కింద అవే పొరలు, అవే సన్నని ఖాళీలు. జరీని ఎవరూ మార్చలేదు. తాత కొన్నదే నాసిరకం.

నేతగాడు ఇప్పుడు లేడు. హిందూపురంలో అతని కొడుకు ఇంటికి వెళ్లి, నిలబడే ఈ సంగతి చెప్పాను.

"కూర్చోండి సామీ. మా నాయన సచ్చేదాకా ఇదే మాట చెప్పినాడు. మిషన్ చెప్తే గానీ మీకు నమ్మకం రాలేదా?"

మగ్గం ఏమైందని అడిగాను.

దొంగ అన్న పేరు పడ్డాక ఆయనకు ఎవరూ పట్టు ఇవ్వలేదట. ఆ నెలలోనే మగ్గాన్ని అమ్మేశారు.