కొండెక్కిన బల్బు

దయ్యాల విషయంలో నాదెప్పుడూ ఒకటే మాట: ఒకవేళ ఉన్నా, నరసరావుపేట ఎండలకి ఎప్పుడో ఊరొదిలి పోయుంటాయి. నేను నమ్మను. ఇది చదివాక మీరు నన్ను నమ్మరు. గోరంత చూసి కొండంత చెబుతానని పల్నాడంతా తెలుసు.

రొంపిచెర్ల రోడ్డు మీద మా షెడ్డు. ఈ మూల నుంచి ఆ మూలకి పోవాలంటే బస్సెక్కాలి. సరే, రెండు బర్రెలు పడతాయి. అందులో నేనూ మస్తానూ అంతరిక్ష నౌకలకి కుంపటి పరీక్షిస్తాం.

సూర్యుడి వెలుగు అందనంత దూరం పోయే నౌకకి సోలార్ పలకలు పనికిరావు. రేడియోధార్మిక పదార్థం ఏళ్ల తరబడి తనంతట తానే వేడిగా ఉంటుంది. ఆ వేడిని కరెంటుగా మార్చే పెట్టె కావాలి. ఆ పదార్థం మాకెవరిస్తారు? దాని బదులు హీటరు పెట్టి, పెట్టె తట్టుకుంటుందా లేదా అని చూడటమే మా పని. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. పెట్టె బిగించింది మస్తానే. కరెంటు పుడుతోందనడానికి గుర్తుగా దానికో బుల్లి బల్బు.

మస్తాన్ నా చిన్ననాటి నేస్తం. వాడి గుండె బండి చక్రమంత. అది మొరాయించింది. గుంటూరులో ఆపరేషన్. కారెక్కుతూ కూడా అదే గోల.

"ఒరేయ్ బావా, నా గుండె డాక్టరు చూసుకుంటాడు. నువ్వు పెట్టెను చూడు. అది నిలబడితే నేనూ నిలబడతా."

"నోర్మూసుకొని పోరా," అన్నాను. కారు తలుపు నేనే వేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది. మధ్యాహ్నానికి హీటరు చల్లబడి, బల్బు ఆరింది. పెట్టె మీద చెయ్యి వేస్తే మంచినీళ్ళ కుండలా ఉంది. సరిగ్గా అప్పుడే మస్తాన్ భార్య జమీలా ఫోన్.

"అన్నయ్యా, లోపలికి తీసకపోతన్నారు. బల్బు సంగతి తెలిస్తేగానీ పోనని మొండికేశాడు. ఎట్టుంది?"

ఆపరేషన్ గది ముందు నిలబడ్డ ఇల్లాలితో 'ఆరిపోయింది' అని ఎలా అనను? మా ఇళ్ళల్లో దేవుడి దీపాన్ని కూడా ఆ మాట అనరు, కొండెక్కిందంటారు. అలవాటుగా అదే వచ్చింది.

"కొండెక్కింది చెల్లెమ్మా."

జమీలా పుట్టింటివాళ్ళది మిర్చి వ్యాపారం. వాళ్ళింట్లో కొండెక్కేది ధర ఒక్కటే.

"వింటన్నావా? కొండెక్కిందంట! అంత పైకి పోయిందంట!"

ఫోన్లో మస్తాన్ నవ్వు. "నా పెట్టంటే ఏందనుకున్నావే!" తర్వాత స్ట్రెచర్ చక్రాల చప్పుడు. ఫోన్ కట్టయింది.

సరిదిద్దే వ్యవధి లేదు. వెనక్కి తిరిగితే, బల్బు వెలుగుతోంది.

కరెంటు రాలేదు. ఫ్యాను కదల్లేదు. హీటరు వైరు పీకేశాను. పెట్టె చల్లగానే ఉంది. అన్నం తెచ్చిన మా ఆవిడ కోటేశ్వరి కూడా చూసింది.

"ఏందయ్యా, ఇదెట్టా?"

నాకేం తెలుసు? ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. ఆమె బల్బుకి రెండు చేతులూ అడ్డం పెట్టింది, గాలికి రెపరెపలాడే దీపానికి పెట్టినట్టు. బల్బు గాలికి ఆరుతుందా అని వెక్కిరించబోయి, నేనూ పెట్టాను.

పొద్దు వాలుతుండగా జమీలా మళ్ళీ ఫోన్ చేసింది. కళ్ళు తెరిచాడట. "అప్పుడే బిర్యానీ అడుగుతన్నాడన్నయ్యా!" అంటూ ఏడ్చింది.

మా చేతుల మధ్య బల్బు మెల్లగా కొండెక్కింది.

మస్తాన్ తిరిగొచ్చాక పెట్టె మొత్తం విప్పాడు. బ్యాటరీ లేదు, ఇంకే దారీ లేదు. "లోపల మిగిలిన వేడేమో బావా," అన్నాడు, తనకే నమ్మకం లేకుండా. వేడి లేదు. చెయ్యి పెట్టి చూసింది నేను.

ఎలా వెలిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఇదొక్కటి మాత్రం పెంచి చెప్పలేదు. బల్బు కందిగింజంత. వెలుగూ అంతే.