నాలుగో ఎపిసోడ్ ఏడుపు

ఇంటి ముందు నాపరాళ్ల మీద పరుగెత్తుతూ మా పాప బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నోరు తెరిచింది గానీ ఏడుపు బయటికి రాలేదు. ముందు తల తిప్పి వాళ్ల నాన్న ఎక్కడున్నాడో చూసింది. ఆయన చేతిలో ఫోన్ ఉందా అని చూసింది. ముఖం వెలుతురు వైపు తిప్పుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఆరేళ్ల పిల్ల. మోకాలి మీది రక్తం కంటే, ఏడ్చే ముందు అది అలా ఆగడం నన్ను భయపెట్టింది.

మా ఆయన మార్కాపురంలో పెళ్లి వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని నెలల్లో మన ఊళ్లలో, మన మాటల్లో ఒక వెబ్ సిరీస్ తీయాలని ఆయన కోరిక. కథ చిన్నదే. ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయిన తల్లి, ఇక్కడ అవ్వ దగ్గర పెరిగే పిల్ల. అవ్వగా మా అత్త, పిల్లగా మా పాప. జీతం అడిగేవాళ్లెవరూ లేరు కాబట్టి మొదలుపెట్టగలిగాం.

మొదటి మూడు ఎపిసోడ్లు మా ఛానెల్‌లో పెడితే చూసింది మా బంధువులే. వాళ్లలోనూ సగం మంది చూశామని అబద్ధం చెప్పారు. విత్తనాల దుకాణం ఆయన ఖర్చు పెట్టుకుంటానన్నాడు గానీ, ప్రతి సీన్‌లో వెనక తన ఫ్లెక్సీ కనపడాలన్నాడు.

"అవ్వ పొయ్యి కాడ గూడా ఫ్లెక్సీ ఏందన్నా?" అని మా ఆయన అడిగితే, "పొయ్యి కాడ చిన్నది కట్టు" అన్నాడట. హైదరాబాద్‌లో ఒక సంస్థకు పంపితే, ముందు చూసేవాళ్లను తెచ్చుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నారు.

నాలుగో ఎపిసోడ్‌లో తల్లి గిద్దలూరు స్టేషన్‌లో రైలెక్కాలి. ఆ వేషం వేయాల్సిన ఆమెను వాళ్లాయన పంపలేదు. వెనక నుంచే కదా తీసేది అని నాకు చీర కట్టించి నిలబెట్టారు. పాపకు ఏడుపు రావడం లేదు, నవ్వుతోంది. మా ఆయన వంగి దాని చెవిలో ఏదో చెప్పాడు. నేను రైలెక్కాను. వెనక పాప కేక వినపడింది. పక్క పెట్టెలో నుంచి దిగి పరుగున వచ్చి ఎత్తుకుంటే, పిల్ల ఒళ్లంతా వణుకుతోంది.

"అమ్మ నిజంగానే పోతాంది, ఇంక రాదు అని నాయన చెప్పినాడు" అంది.

ఆ ఎపిసోడ్‌ను జనం చూశారు. బెంగళూరులో, హైదరాబాద్‌లో, కట్టే బిల్డింగుల కింద రేకుల గదుల్లో ఉండే మన వైపు వాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు. పెద్దారవీడు వైపు గొర్రెలు కాసుకునేవాళ్లు ఫోన్లు చేశారు. చూసేవాళ్లు దొరికారు. కానీ మిగతా ఎపిసోడ్లకు డబ్బు లేదు. వీడియో చివర క్యూఆర్ కోడ్ పెడితే ఒక్కరూ పంపలేదు.

దారి చూపింది మా అత్త. "మనోళ్లు ఊరికే ఇస్తారా? పెండ్లిలో చదివించినట్ల పేరు చదువు. అప్పుడు చూడు" అంది.

పెళ్లి పందిట్లో చదివింపులు ఎలా చదువుతారో మా ఆయనకు తెలియనిదా? ఎన్ని తీశాడో. ఫోన్ చేసినవాళ్లకు పేరు చదువుతానని చెప్తే కొందరు పంపారు. ఆ డబ్బుతో తీసిన అయిదో ఎపిసోడ్ చివర మైకు పట్టుకుని అదే గొంతుతో చదివాడు. ఫలానా ఊరి మేనమామ వాళ్లు, దోర్నాల హోటల్ చిన్నాయన వాళ్లు... వరస కలిపి, ఊరి పేరు పెట్టి. తమ పేరు వినడానికి ఇంకా ఎందరో పంపారు. కెమెరాకు మంచి లెన్స్ వచ్చింది.

మేము ఆలోచించనిది ఒకటుంది. చదివించినవాడు చూసి పోయేవాడు కాడు, బంధువు. బంధువుకు అడిగే హక్కు ఉంటుంది. శ్రీశైలం పోతూ పోతూ మా ఇంటి ముందు జీపులు ఆపడం మొదలైంది. పాపకూ, దాని తమ్ముడికీ అరటిపళ్లు, బిస్కెట్లు తెచ్చేవాళ్లు.

"ఏం మనవరాలా, ఒకసారి ఏడ్చి చూపీ! నీ ఏడుపుకే గదా మేము చదివిచ్చింది" అని ఒక పెద్దాయన నవ్వుతూ బుగ్గ గిల్లాడు. పాప నన్ను చూడలేదు. వాళ్ల నాన్నను చూసింది.

డబ్బు వెనక్కి ఇచ్చేద్దాం అన్నాను. మా అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "చదివింపులు తిరిగి ఇస్తే ముఖాన కొట్టినట్లే. చదువుకున్నదానివేనా నువ్వు?" అంది. నా డిగ్రీ ఆమెకు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

చివరి ఎపిసోడ్‌లో తల్లి ఇంటికి వచ్చేస్తుందని మా ఆయన ముందు రాసుకున్నాడు. ఇప్పుడు మార్చాడు. వచ్చి, మళ్లీ పోతుంది. మళ్లీ గిద్దలూరు స్టేషనే. చదివించినవాళ్లు కొందరు షూటింగ్ చూడటానికి వస్తున్నారు.

"మళ్లీ అట్ల చెవిలో చెప్పొద్దు" అన్నాను.

"నేనేమన్నా లేనిది తీస్తన్నానా? ఈ ఊళ్లలో జరిగేదే గదా" అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు.

ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. వెనక ఇటుకలు దించుతున్న చప్పుడు. పాపను ఇక ఏడిపించేది లేదని చెప్పబోయాను. ఆమే ముందు మాట్లాడింది. "మా పిల్ల ఫోన్‌లో ఏడవదక్కా. అమ్మకు బెంగ పెట్టొద్దని మా అత్త నేర్పిచ్చింది. మీ పాప ఏడిస్తే మా పిల్ల ఏడ్చినట్లే ఉంటాది. రోజూ చూస్తా." చూస్తూ ఉండమ్మా అన్నాను.

షూటింగ్ రోజు పొద్దున టెంపో వచ్చి హారన్ కొడుతోంది. ఇద్దరు పిల్లలకూ తల దువ్వుతూ పాపతో చెప్పాను, ఈరోజు నాయన ఏం చెప్పినా అది ఆటలో మాట, నేను ఈ పెట్టెలో ఎక్కి ఆ పెట్టెలో దిగుతాను అని.

పాప ముఖం చిన్నబోయింది. "అట్ల చెప్పొద్దుమా. ఏడుపు రాదు. అందరూ వస్తన్నారు గదా."

"నేను ఏడుస్తా!" అన్నాడు మూడేళ్ల చిన్నాడు, జేబులో బిస్కెట్ తడుముకుంటూ.

ఇంట్లోనే ఉందాం రండి అనబోయాను. దువ్వెన పక్కన పెట్టి ఇంకో మాట చెప్పాను.

"స్టేషన్‌లో మీ ఇష్టం. దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఎవరి కోసమూ చూడొద్దు. తగిలిన వెంటనే ఏడ్చేయండి. నేను వస్తా."